అతుకుల బొంతకూ ఒక చరిత్ర ఉంది

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు, మన సభ్యులు నా దగ్గర నుంచి జమాబందీ గురించో, పాత తాలూకా కచేరీల గురించో ఆశిస్తారని నాకు తెలుసు. అవి లోగడ రాసి ఉన్నాను. ఈసారి బొంతల గురించి రాస్తున్నాను. అందునా సగంలో ఆగిపోయిన బొంతల గురించీ, ఎందుకూ కాకుండా మిగిలిపోయిన గుడ్డముక్కల గురించీ. నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు గాని, ఆ పని చివరి పేజీ చదివాక చేయమని మనవి.

ఏ నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెట్టినా మన పత్రికలవారు దానిని 'అతుకుల బొంత' అంటారు. ఆ మాట వాడేవారిలో ఎందరు ఎప్పుడైనా సూది పట్టుకున్నారో నాకు అనుమానమే. బొంత అతుకులతో ఉండడం దాని లోపం కాదు, అది పుట్టిందే అతుకుల నుంచి.

మన ఇళ్ళలో బొంత ఎలా తయారవుతుందో అందరికీ తెలిసిందే. కట్టి కట్టి మెత్తబడిన నేతచీరలు, పంచెలు నాలుగైదు పొరలుగా పరిచి, చుట్టూ మడిచి, ఈ చివర నుంచి ఆ చివరకు వరుసలుగా కుట్టుకుంటూ పోవడమే. చిరిగినచోట మరో ముక్క పడుతుంది. బెంగాలువారి కాంథా కూడా పాత చీరలతో చేసేదే. చీర అంచులోంచి లాగిన రంగుదారంతోనే దాని మీద పూలూ బొమ్మలూ కుట్టేవారు. కర్ణాటకలో హళియాళ, యల్లాపుర ప్రాంతాల అడవి పల్లెలలో సిద్దీలు అనేవారున్నారు. వారి పూర్వులు ఆఫ్రికా నుంచి వచ్చినవారు. వారి స్త్రీలు కుట్టే బొంతను కవంది అంటారు. అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి చేరుకుంటారు. చివరగా నాలుగు మూలలా ముక్కోణంగా మడిచిన గుడ్డలు కుడతారు. వాటికి వారు పెట్టుకున్న పేరు పూలు. ఆ పూలు లేనిదే కవంది పూర్తయినట్టు కాదు, ఒంటి మీద బట్ట లేని మనిషి లాంటిదని వారి భావన. మన భాషలో చెప్పాలంటే ఫైలు మీద ఆఖరి సంతకం అన్నమాట.

ఇంగ్లండు, అమెరికా దేశాల క్విల్ట్ పద్ధతి వేరు. అక్కడ ముందుగా చిన్న ముక్కలు కలిపి చదరాలు కుడతారు. ఒక్కొక్క చదరాన్ని బ్లాక్ అంటారు. ఇరవయ్యో ముప్పయ్యో చదరాలు తయారైన తర్వాత వాటిని వరుసలుగా కలిపితే పైభాగం వస్తుంది. దాని కింద దూది పొర, ఆ కింద అడుగుగుడ్డ వేసి, చట్రానికి బిగించి, మూడు పొరలూ కలిసేలా కుడతారు. ఆఖరున అంచు. ఇన్ని దశలున్న పని ఏ దశలోనైనా ఆగిపోవచ్చు. పెళ్ళి తప్పిపోవచ్చు, చూపు తగ్గవచ్చు, అదే రంగు గుడ్డ మళ్ళీ దొరక్కపోవచ్చు, మనిషే పోవచ్చు. నమూనా కోసం కుట్టినవీ, లెక్కకు మించి కుట్టినవీ చదరాలు ఎలాగూ మిగులుతాయి. అమెరికాలో అటువంటి వాటిని 'ఆర్ఫన్ బ్లాక్స్' అంటారు. అనాథ చదరాలు అనుకోవచ్చు. పూర్తికాని పనులకు 'యు.ఎఫ్.ఓ.'లని చమత్కారంగా పేరు పెట్టుకున్నారు, ఎగిరే పళ్ళాలకు వాడే పొడి అక్షరాలే. మన పర్సనల్ రిజిస్టరులో ఏడాది మారినప్పుడల్లా కొత్త పుస్తకంలోకి ఎక్కించుకుంటూ వచ్చిన పాత కరెంట్ల వంటివే అవి.

ఈ కథలో మనకు నేరుగా సంబంధమున్న భాగం ఒకటుంది. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వారు మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టుకున్నారు. కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలు వారికి ముఖ్యమైన సరుకు. చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం. ఉతికినా రంగు పోని అటువంటి నూలుబట్ట తయారు చేయడం అప్పటికి ఐరోపావారికి చేతకాలేదు. వారు చింట్జ్ అన్న దానినే మనవాళ్ళు చీటిగుడ్డ అన్నారు. 17వ శతాబ్ది చివరికి ఇంగ్లండులో దానికి ఎంత గిరాకీ వచ్చిందంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు తమ నోటి దగ్గర కూడు పోతున్నదని పార్లమెంటు మీద పడ్డారు. 1700లో చేసిన చట్టం మన అచ్చుబట్టలను ఆ దేశంలో వాడకానికి దిగుమతి చేయరాదన్నది. 1721 చట్టం ఇంకో అడుగు ముందుకు వేసి, అచ్చు నూలుబట్ట కట్టుకోవడాన్నే నిషేధించింది. 1774 దాకా ఆ నిషేధం పోలేదు. ఫ్రాన్సువారు 1686 నుంచి 1759 వరకు ఇదే పని చేశారు.

ప్రభుత్వం వద్దన్నంత మాత్రాన ఇల్లాలు మంచి గుడ్డ పారేస్తుందా? ఉత్తర ఇంగ్లండులో లెవెన్స్ హాల్ అనే పాత భవంతి ఉంది. అందులో 1700 ప్రాంతపు మంచపు దుప్పటి ఒకటుంది. మన దేశపు చీటిగుడ్డ ముక్కలతో కుట్టినది. ఇంగ్లండులో నేటికీ మిగిలిన అతుకుల పనులలో అతి పాతవాటిలో ఒకటిగా దానిని చెబుతారు. తర్వాతి కాలంలో చీటిగుడ్డ మీది పువ్వునో పిట్టనో అంచుల వెంట కత్తిరించి, తెల్లగుడ్డ మీద పెట్టి కుట్టడం కూడా అలవాటయింది. ఒక్క గజం గుడ్డ కొద్దికొద్దిగా అలా పది చోట్ల కనబడేది. ఆ పువ్వు అద్దిన మనిషి పేరు మాత్రం అటు లండనులోనూ లేదు, ఇటు బందరులోనూ లేదు.

చీటిగుడ్డ నుంచి చీటీ కాగితానికి వస్తాను, ఎందుకంటే ఒక గుమాస్తాగా నన్ను ఈ విషయంలోకి లాగినది కాగితమే. ఇంగ్లండులో ముక్కలు కలపడానికి ఒక పద్ధతి ఉండేది. ఆరు మూలల ఆకారంలో కాగితాలు కత్తిరించి, ఒక్కొక్క కాగితం మీద గుడ్డ మడిచి టాకాలు వేసి, ఆ అంచులను ఒకదానితో ఒకటి సన్నగా కలిపి కుట్టేవారు. అంతా కలిశాక టాకాలు విప్పి కాగితాలు తీసేసేవారు. అప్పట్లో కాగితం ఖరీదైన వస్తువు కాబట్టి, చదివేసిన ఉత్తరాలు, కొట్టు లెక్కలు, పిల్లల దస్తూరీ పుస్తకాలు, పాత పత్రికలు అందుకు పనికివచ్చేవి. పూర్తయిన బొంతలో ఆ కాగితాలు సాధారణంగా మిగలవు. పూర్తికాని దానిలో మాత్రం కుట్టినవి కుట్టినట్టే ఉండిపోతాయి. తిరగేసి చూస్తే ఒక ముక్కలో సగం తేదీ, ఇంకో ముక్కలో బాకీ మొత్తం, మరో ముక్కలో ఎవరో ఎవరికో రాసిన క్షేమసమాచారం. కాగితం మీది తేదీని బట్టి ఆ పని అంతకు ముందుది కాదని తేలుతుంది. ఈనాడు చరిత్రకారులు ఆ కాగితాలను మనం పాత ఫసలీ లెక్కలు చదివినంత శ్రద్ధగా చదువుతున్నారు.

అంటే ఆ స్త్రీ తన పని ముగించి ఉంటే ఒక మంచానికి దుప్పటి వచ్చేది. ముగించలేదు కాబట్టి ఒక కాలానికి రికార్డు మిగిలింది. ఈ చిక్కు నన్ను చాలాకాలం వదలలేదు. ఆగిపోయిన పనిని పూర్తి చేయాలా, ఉన్నది ఉన్నట్టుగా ఉంచాలా? మన డిస్పోజల్ పద్ధతిలో చెప్పాలంటే దానిని ఆర్.డిస్. చేసి శాశ్వతంగా భద్రపరచాలా, లేక మళ్ళీ తెరిచి చర్య తీసుకోవాలా?

ముక్కలతోనే నడిచిన ఒక ఓడ ప్రయాణం సంగతి చెబుతాను. 1841 ఏప్రిల్‌లో 'రాజా' అనే ఓడ ఇంగ్లండులోని వూలిచ్ నుంచి దాదాపు 180 మంది ఆడ ఖైదీలతో బయలుదేరింది. వారిని దీవాంతరానికి, అంటే ఈనాడు టాస్మేనియా అంటున్న దీవికి పంపుతున్నారు. జైళ్ళ సంస్కరణ కోసం పాటుపడిన ఎలిజబెత్ ఫ్రై గారి సంఘం అటువంటి ఓడలెక్కే ప్రతి స్త్రీకీ ఒక సంచి ఇచ్చేది. సూదులు, దారం, అంగుస్తానా, కత్తెర, వాటితో పాటు రెండు పౌండ్ల గుడ్డముక్కలు. ప్రయాణంలో ఊరికే కూర్చోకుండా కుట్టుకుంటారని, దిగినచోట అది అమ్ముకుంటే నాలుగు డబ్బులు వస్తాయని ఉద్దేశం. జూలైలో హోబర్టు రేవు చేరేసరికి 2,815 ముక్కలతో ఒక పెద్ద దుప్పటి తయారైంది. సంచులిచ్చిన స్త్రీల సంఘానికి కృతజ్ఞతలు చెబుతూ దాని మీద అక్షరాలు కుట్టారు. ఎవరెవరు కుట్టారో మాత్రం పేర్లు కుట్టలేదు. కొన్నిచోట్ల కుట్టు ముత్యాల కోవలా ఉంటుందనీ, కొన్నిచోట్ల కొత్తచేతి తడబాటు తెలుస్తుందనీ చూసినవారు రాశారు. ఖైదీల ఓడలలో తయారైన వాటిలో మిగిలినది ఇదొక్కటే అంటారు. 1987లో స్కాట్లండులో ఒక ఇంటి అటక మీద బయటపడింది. 1989 నుంచి ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో ఉంది.

పేర్ల విషయం వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1933లో షికాగో నగరంలో జరిగిన పెద్ద ప్రదర్శన సందర్భంగా సియర్స్ కంపెనీ దేశమంతటికీ క్విల్ట్ పోటీ పెట్టింది. సుమారు 24 వేల క్విల్టులు వచ్చాయి. మొదటి బహుమతి కెంటకీ రాష్ట్రానికి చెందిన మార్గరెట్ కేడెన్ అనే ఆమెకు వచ్చింది. ఆ క్విల్టు మీద ఆమె ఒక్క కుట్టు కూడా వేయలేదని తర్వాత తెలిసింది. కూలికి కుట్టినవారు వేరే. బహుమతి సొమ్ములో వారికి వాటా లేదు. డ్రాఫ్టు రాసేదొకరు, సంతకం పెట్టేదొకరు అన్న న్యాయం మన శాఖలలోనే ఉందనుకోవడం పొరపాటు.

ఇక అసలు చెప్పదలచినది జీస్ బెండ్ గురించి. అమెరికాలో అలబామా రాష్ట్రం, విల్‌కాక్స్ కౌంటీలో అలబామా నది పెద్ద వంపు తిరిగేచోట, మూడు వైపులా నీరున్న పల్లె అది. ఒకప్పుడు పత్తి పండించే తోట. 1845లో మార్క్ పెట్‌వే అనే దొర దానిని కొని, ఉత్తర కరోలినా నుంచి తన నీగ్రో బానిసలను నడిపించుకుని తెచ్చాడు. బానిసత్వం రద్దయిన తర్వాత కూడా వారి సంతతి అక్కడే కౌలుదారులుగా ఉండిపోయింది. ఆ ఊళ్ళో ఈనాటికీ చాలామంది ఇంటిపేరు పెట్‌వే. అది వారిని కొనుక్కున్నవాడి పేరు.

1932లో వారికి అప్పులిచ్చే కామ్డెన్ పట్నపు వర్తకుడు చనిపోయాడు. అతని తరఫువారు బాకీల కింద అరవైకి పైగా కుటుంబాల పశువులు, నాగళ్ళు, విత్తనాలు, తిండిగింజలతో సహా తోలుకుపోయారు. జప్తు అంటే ఏమిటో మనలో రెవెన్యూ శాఖ వారికి చెప్పనక్కరలేదు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం కట్టుబట్టలు, వంటపాత్రలు, పరుపు పక్కలు, రైతు సేద్యపు పనిముట్లు జప్తు చేయరాదు. అక్కడ అటువంటి దయ ఎవరూ చూపలేదు. ఆ చలికాలం ఎలా గడిచి ఉంటుందో ఊహించుకోవచ్చు. 1937లో ప్రభుత్వం తరఫున వచ్చిన ఆర్థర్ రోత్‌స్టైన్ అనే ఫోటోగ్రాఫరు అక్కడి మనుషులనూ, కర్రదుంగల ఇళ్ళనూ ఫోటోలు తీశాడు. చలిగాలి రాకుండా లోపలి గోడలకు పత్రికల కాగితాలు అంటించుకున్నారు. బొంతలు కప్పుకునేది కూడా అందుకే. గుడ్డ కొనే స్తోమత లేదు. మోకాళ్ళ దగ్గర అరిగిన పంట్లాములు, పిండిబస్తాలు, చిరిగిన చొక్కాలు, అవే బొంతలు.

1942లో మిస్సోరి పెట్‌వే అనే ఆమె భర్త చనిపోయాడు. ఆమె అతను పొలంలో వేసుకున్న పాత పనిబట్టలన్నీ విప్పి, కత్తిరించి, ఒక బొంత కుట్టింది. అతన్ని గుర్తుంచుకోవడానికీ, అతని ప్రేమ కింద పడుకోవడానికీ అని తల్లి చెప్పినట్టు ఆమె కూతురు ఆర్లోంజియా తర్వాత కాలంలో చెప్పింది. ఆ బొంతలో మోకాలి చోటు వెలిసిన మచ్చగా, జేబు ఊడదీసిన చోటు ముదురు రంగు చతురస్రంగా కనబడతాయి. ఒక మనిషి ఎక్కడ వంగాడో, ఎక్కడ చేతులు పెట్టుకున్నాడో ఆ గుడ్డ మీద రాసి ఉంది.

1960 తర్వాత ఆ ఊరివారు ఓటుహక్కు కోసం నదికి అవతల ఉన్న కామ్డెన్ వెళ్ళడం మొదలుపెట్టారు. 1962లో పడవ సర్వీసు ఆపేశారు. అంతే, రేవు దాటితే దగ్గరలో ఉన్న పట్నం చుట్టుదారిన పోవలసిన ఊరైంది. ఆ సర్వీసు తిరిగి 2006లో గాని మొదలు కాలేదు. 1965లో మార్టిన్ లూథర్ కింగ్ ఆ ఊరు వచ్చి మాట్లాడాడు. ఆ సంవత్సరం చివర ఫ్రాన్సిస్ వాల్టర్ అనే క్రైస్తవ మతాచార్యుడు ఆ ప్రాంతంలో దండెం మీద ఆరేసిన బొంతలు చూసి ఆగిపోయాడు. 1966లో అక్కడి స్త్రీలు 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ' అనే సహకార సంఘం పెట్టుకున్నారు. బొంతలు న్యూయార్కులో వేలానికి వెళ్ళాయి.

1972లో ఆ సంఘానికి సియర్స్ కంపెనీ నుంచి దిండు గలీబుల ఆర్డరు వచ్చింది. గుడ్డ కార్డురాయ్, అంటే చారలు చారలుగా నూగు ఉండే మందపాటి నూలుబట్ట. రంగులు బంగారు పసుపు, ఆకుపచ్చ, నారింజ, ఎరుపు. గలీబులన్నీ ఒకే కొలతలో, ఒకే తీరులో ఉండాలి. అందులో వారి సొంత ఆలోచనకు చోటు లేదు. అయితే కత్తిరించగా మిగిలిన ముక్కలు ఇళ్ళకు చేరాయి. వాటితో వారు తమ మంచాలకు తమకు తోచినట్టు కుట్టుకున్నారు. ఈనాడు మ్యూజియములవారు కళ్ళకద్దుకునే జీస్ బెండ్ బొంతలలో ఈ కార్డురాయ్ బొంతలది పెద్ద స్థానం. కంపెనీ కొన్న గలీబులు ఎక్కడికి పోయాయో ఎవరూ అడగడం లేదు. కంపెనీకి అక్కరలేని ముక్కలు గోడల మీదికి ఎక్కాయి.

2002లో హ్యూస్టన్ నగరపు మ్యూజియములో, వెంటనే న్యూయార్కు విట్నీ మ్యూజియములో ఆ బొంతలు ప్రదర్శించారు. ఈసారి పక్కన పేర్లున్నాయి: ఎనీ మే యంగ్, మేరీ లీ బెండాల్ఫ్, లొరెటా పెట్‌వే. 2006లో అమెరికా తపాలా శాఖ పది బిళ్ళలు వేసింది. సహకార సంఘం మాత్రం పనులు తగ్గి 2012లో మూతబడింది. బొంతలకు వచ్చిన పేరులో ఎంత డబ్బు కుట్టినవారి ఇళ్ళకు చేరిందన్న తగాదా కోర్టు దాకా వెళ్ళింది కూడా. ఆ వివరాలలోకి పోను.

పైన చెప్పిన చిక్కు మా ఇంట్లోకే వచ్చింది కాబట్టి ఆ సంగతీ కొంచెం చెబుతాను. మా ఇంటావిడ పోయిన తర్వాత ట్రంకుపెట్టెలో ఒక గుడ్డసంచి కనబడింది. అందులో 41 చదరాలు. ఒక్కొక్కటి జానెడు. దర్జీ దగ్గర తెచ్చుకున్న జాకెట్టు ముక్కలు, నా ఆఫీసు చొక్కాల తోకలు, అమ్మాయి స్కూలు నీలం పావడా. కంటిలో శుక్లాలు ముదిరినప్పుడు ఆపేసింది. కొలత కోసం వాడిన అట్టముక్క కూడా అందులోనే ఉంది. అది ఒక పాత ఫైలు అట్ట. దాని మీద నా దస్తూరీతో 'విషయము' అనే మాటా, దాని కింద సగం తెగిన ఒక ఊరిపేరూ ఉన్నాయి.

అమ్మాయి కుట్టి పూర్తి చేస్తానన్నది. నేను ముట్టుకోవద్దన్నాను. ఇంగ్లండు కాగితాల సంగతి అంతా ఆమెకు చెప్పాను. ఓపికగా విని, "నాన్నా, అమ్మ ఇది చూసుకోవడానికి కుట్టిందా, కప్పుకోవడానికి కుట్టిందా?" అని అడిగింది. దానికి నా దగ్గర నోట్ లేదు. అయితే ఒక షరతు పెట్టాను. విప్పే ముందు ఒక కాగితం మీద మొత్తం రాసుకోవాలి: చదరాలు ఎన్ని, ఏ గుడ్డ ఎవరిది, ఎవరు మొదలుపెట్టారు, ఏ సంవత్సరంలో ఆగింది, ఎవరు ముగించారు. ఆరు వరుసలు ఆరేసి చొప్పున 36 చదరాలు కలిపింది. మనుమడి బిడ్డకు సరిపోయింది. మిగిలిన అయిదు చదరాలు, అట్టముక్క, ఆ కాగితం నా దగ్గర ఒక ఫైలులో ఉన్నాయి. తల్లి కుట్టు సన్నం, కూతురి కుట్టు కాస్త దూరం. ఎక్కడ చేయి మారిందో వేలితో తడిమితే తెలుస్తుంది. దానిని సరిచేయవద్దని కూడా నేనే అన్నాను.

ఈ పని అమెరికాలో ఇప్పుడు ఒక ఉద్యమంగానే నడుస్తున్నది. 2019లో షికాగో దగ్గర, 99వ ఏట చనిపోయిన ఒకావిడ ఇంటి సామాను అమ్మకంలో షానన్ డౌనీ అనే ఆమెకు ఒక పెట్టె దొరికింది. దేశంలోని రాష్ట్రాలన్నిటికీ ఒక్కొక్క బొమ్మ చొప్పున అల్లికపని చేసి క్విల్టు కుట్టాలన్నది ఆ ముసలావిడ సంకల్పం. అందులో కొద్ది భాగమే అయింది. డౌనీ ఇంటర్నెట్ ద్వారా అడిగితే కావలసినవారి కన్నా ఎన్నో రెట్ల మంది ముందుకు వచ్చారు. ముఖం చూడని మనిషి పనిని తలా ఒక ముక్క పంచుకుని ముగించారు. 2020లో అది కెంటకీలోని పడూకా పట్నంలో ఉన్న నేషనల్ క్విల్ట్ మ్యూజియములో ప్రదర్శనకు వచ్చింది.

2022లో జెన్నిఫర్ సిమోనిక్, మేసీ కాప్లన్ అనే ఇద్దరు స్నేహితురాళ్ళు 'లూస్ ఎండ్స్' అనే సంస్థను మొదలుపెట్టారు. వారి స్నేహితురాలి తల్లి రెండు అల్లిక దుప్పట్లు సగంలో వదిలి చనిపోవడం దానికి నాంది. చనిపోయినవారో, చేతులు పనిచేయనివారో వదిలిన కుట్టుపనులనూ అల్లికలనూ తెలిసినవారి చేత డబ్బు తీసుకోకుండా పూర్తి చేయించి, ఆ కుటుంబానికే తిరిగి ఇప్పిస్తారు.

మన సభ్యుల ఇళ్ళలోనూ, ముఖ్యంగా ఒంటరిగా మిగిలిన మిత్రుల పెట్టెలలోనూ ఇటువంటి మూటలు ఉండి ఉంటాయి. కోడళ్ళు అటకలు దులిపే ముందే వాటిని ఒకసారి తీసి, పైన చెప్పిన అయిదు వివరాలూ ఒక కాగితం మీద రాసి పిన్ను చేయమని కోరుతున్నాను. వచ్చే సర్వసభ్య సమావేశానికి తెచ్చేవారుంటే, భోజనాల హాలులో ఒక బల్ల వేయించడానికి కార్యదర్శి గారు అంగీకరించారు. మా అయిదు చదరాలు నేను తెస్తాను.